ఎవరి వరసలో రామదాసు?

'పలుకే బంగారమాయెనా' అనగానే మీకు ఎవరి గొంతు వినిపిస్తుంది? కొంచెం పెద్దవాళ్ళయితే మంగళంపల్లి బాలమురళీకృష్ణది అంటారు. ఆనందభైరవిలో, ఏ తొందరా లేకుండా పాడిన పాట. మా తరంలో చాలామందికి రామదాసు అంటే 2006లో కీరవాణి సంగీతంతో వచ్చిన 'శ్రీరామదాసు' సినిమా. ఇక కంచర్ల గోపన్న గొంతు సంగతి సరే సరి. 17వ శతాబ్దంలో నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ తహశీల్దారుగా పనిచేసి, గోల్కొండలో ఖైదీ అయిన ఆ మనిషి స్వరలిపి రాసిపెట్టి పోలేదు. ఆయన పాట నోటి నుంచి నోటికే మన దాకా వచ్చింది.

పాతకాలంలో జనం పాడుకున్న పాటని ఒక గొప్ప గాయకుడు మళ్ళీ పాడి రికార్డు చేశాడనుకోండి. ఆ పాటకి ఆయన ఏం బాకీ పడతాడు? వినే మనం ఏం బాకీ పడతాం?

అన్నమయ్యతో పోల్చి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, వరస మాత్రం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు స్వరపరిచే నాటికి వాటిలో చాలా పాటలు ఎవరి నోటా లేవు. కాబట్టి కొత్త వరస వల్ల ఎవరి పాటా మూగబోలేదు. రామదాసు పాట అలా కాదు, అది అప్పటికే బతికి ఉంది. ఊరూరా భజన మందిరాల్లో హార్మోనియం, మద్దెల, చిడతలతో రకరకాల వరసల్లో పాడుతూనే ఉన్నారు.

ఇంత చెప్పి బాలమురళి చేసింది చిన్న పనంటే అన్యాయం. కచేరీల్లో పెద్దపీట త్యాగరాజు, దీక్షితర్, శ్యామశాస్త్రులదే. అలాంటి చోట ఆయన రామదాసుని ముందుకి తెచ్చాడు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి నుంచి భక్తిరంజని పొద్దున్నే ఇళ్ళలోకి వచ్చేది. భజన మందిరం గడప తొక్కని వాళ్ళకి కూడా ఆ పాటలు అలా నోటికొచ్చాయి. ఆ రికార్డింగులు లేకపోతే హైదరాబాదులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కోడ్ రాసుకునే నాలాంటివాడికి రామదాసు ఒక గుడి పక్కన బోర్డు మీద పేరు, అంతే.

చిక్కు తర్వాత మొదలవుతుంది. పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి దగ్గరపడుతుంది. ఆ దారిలో ఒక ఊళ్ళో శ్రీరామనవమి భజన చూశాను. చిడతలు పట్టుకున్న ఒక పెద్దాయన ఇదే పాటని బాగా వేగంగా, నాకు తెలియని వరసలో అందుకున్నాడు. పాటయ్యాక, నాతో వచ్చిన మా పిన్ని కొడుకు "తాతా, వరస అది కాదు" అని ఫోన్‌లో బాలమురళి పాట పెట్టాడు. పెద్దాయన చివరిదాకా విన్నాడు. "బానే ఉందయ్యా. మరి ఇందులో మేమెక్కడ అందుకోవాల?" అన్నాడు.

అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. ఆయన వరస నలభైమంది కలిసి పాడటానికి కట్టుకున్నది. ఒకరు అంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు, చిడత ఎక్కడ పడాలో అందరికీ తెలుసు. బాలమురళి వరస ఒక్కడు తనలో తాను మాట్లాడుకోవడానికి. రెండు వరసలు చేసే పనులు వేరు. ఒకదాన్ని పెట్టుకుని రెండోదాన్ని తప్పు అనడానికి లేదు.

మా ఉద్యోగాల్లో కొత్త వెర్షన్ వచ్చినంత మాత్రాన పాతది పోదు. ఎవరో ఒకరు దాన్ని కావాలని తీసేయాలి. పాట విషయంలో ఆ తీసేసే పని గాయకుడు చెయ్యలేదు. "అసలు వరస ఇదే" అని తీర్పు చెప్పే మనం చేస్తున్నాం. పాడేవాళ్ళ బాకీ చిన్నదే. 'రచన: రామదాసు' అని రాసిన చోటే ఈ వరస ఎవరు కట్టారో కూడా రాయాలి. ఆన్‌లైన్‌లో చాలా చోట్ల ఆ రెండో మాట కనబడదు. దాంతో వినేవాడు వరస కూడా గోపన్నదే అనుకుంటాడు. మన బాకీ ఇంకొంచెం పెద్దది. మనకి తెలియని వరస వినబడినప్పుడు సరిదిద్దకుండా వినడం.

గోపన్న రాముడికి, సీతమ్మకి చేయించిన నగల లెక్క చెప్పి, అయిన ఖర్చు ఏకరువు పెట్టి, రాముణ్ణి నిలదీసి, చివరికి తిట్టినందుకు క్షమించమని అడిగిన కీర్తన ఒకటుంది. ఒక్క గొంతు నెమ్మదిగా పాడితే అందులో దెబ్బలు తిన్న మనిషి ఏడుపు వినబడుతుంది. నలభైమంది చిడతలు కొడుతూ పాడితే అదే పాట ఊరంతా కలిసి లెక్క అడిగినట్టుంటుంది. ఆ రెండోది రికార్డుల్లో నాకు ఎక్కడా దొరకలేదు. వినాలంటే ఆ ఊళ్ళకి వెళ్ళాల్సిందే, అక్కడ ఇంకా పాడుతున్నన్నాళ్ళు.