అమ్మ నోటి మాట

తల్లి ఒడి బిడ్డకు మొదటి పాఠశాల అని మనం తరచూ వింటుంటాం. ఆ పాఠశాలలో బిడ్డకు ఏమేమి నేర్పాలో కూడా మనకు తెలుసు. కలిమా నేర్పుతాం, సలాం నేర్పుతాం, భోజనానికి ముందు బిస్మిల్లాహ్ అనడం నేర్పుతాం. అయితే ఇవన్నీ నేర్పే మన నోటి మాటకు బిడ్డ దృష్టిలో ఎంత విలువ ఉందో తల్లులమైన మనం ఎప్పుడైనా ఆలోచించామా?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) తన చిన్ననాటి సంఘటన ఒకటి ఉల్లేఖించారు. ఒకరోజు మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారింట్లో కూర్చుని ఉన్నారు. అప్పుడు తల్లి తన పిల్లవాణ్ణి ఇటు రా, నీకొకటి ఇస్తానంటూ పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని దైవప్రవక్త (సఅసం) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. ఒకవేళ ఏమీ ఇవ్వకపోయి ఉంటే ఆమె కర్మల చిట్టాలో ఒక అబద్ధం రాయబడి ఉండేదని ఆయన తెలియజేశారు. ఈ హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది.

సోదరీమణులారా! ఇక్కడ జరిగింది వ్యాపార ఒప్పందం కాదు, న్యాయస్థానంలో సాక్ష్యమూ కాదు. ఒక తల్లి తన పసివాడితో అన్న ఒక చిన్న మాట. ఆ మాటను కూడా దైవప్రవక్త (సఅసం) తేలిగ్గా వదిలేయలేదు.

ఇప్పుడు మన ఇళ్ళ వైపు చూద్దాం. అన్నం తినకపోతే బూచాడు పట్టుకెళతాడని బెదిరిస్తారు. సూది వేయించడానికి తీసుకెళుతూ అస్సలు నొప్పి ఉండదని చెబుతారు. బజారుకు వెళుతూ ఇప్పుడే వస్తానని చెప్పి వెనుక తలుపు నుంచి వెళ్ళిపోతారు. అప్పు అడగడానికి ఎవరైనా వస్తే అబ్బా ఇంట్లో లేరని చెప్పమని పిల్లవాణ్ణే వాకిట్లోకి పంపుతారు. ఆ పిల్లవాడే రేపు బడి నుంచి వచ్చి అబద్ధమాడితే ఎక్కడ నేర్చుకున్నాడో అని ఆశ్చర్యపోతారు.

ఇంతకంటే ఆలోచించవలసిన విషయం మరొకటుంది. పిల్లవాడు బొమ్మ కొనమని మారాం చేస్తాడు. కొనే ఉద్దేశం మనకుండదు. ఆ గొడవ వదిలించుకోవడానికి ‘ఇన్షా అల్లాహ్, వచ్చే నెల కొందాం’ అనేస్తాం. వచ్చే నెల వస్తుంది, పోతుంది. ఇలా నాలుగుసార్లు జరిగితే ఆ పసి మనసుకు ఇన్షా అల్లాహ్ అంటే జరగని పని అనే అర్థం స్థిరపడుతుంది. రేపు చేసే పని గురించి చెప్పేటప్పుడు అల్లాహ్ తలిస్తే అని చెప్పాలని దివ్య ఖుర్ఆన్ కహఫ్ సూరాలో ఆదేశించబడింది. అల్లాహ్ పై భారం వేసి గట్టిగా పూనుకోవడానికి నేర్పిన మాటను తప్పించుకునే సాకుగా మార్చడం ఎంత విచారకరం!

అలాగే అల్లరి చేసే నాలుగేళ్ళ బిడ్డతో అల్లాహ్ నిన్ను నరకంలో వేస్తాడని అనడం కూడా కొన్ని ఇళ్ళలో వినిపిస్తుంది. యుక్తవయస్సుకు చేరేవరకు బాలల కర్మలు రాయబడవని హదీసు ద్వారా మనకు తెలుసు. అలాంటప్పుడు ఆ బెదిరింపు వాస్తవం కాదు. పైగా కరుణామయుడైన అల్లాహ్ పేరు వినగానే బిడ్డకు మొదట భయమే గుర్తుకొస్తుంది.

మహాప్రవక్త (సఅసం) సఫా కొండ పైకెక్కి ఖురైషులను పిలిచిన సందర్భాన్ని గుర్తుచేసుకుందాం. ఈ కొండ వెనుక నుంచి మీపై సైన్యం దాడి చేయబోతోందని చెబితే నమ్ముతారా అని ఆయన అడిగారు. నమ్ముతాం, మీ నోట మేము ఎన్నడూ అబద్ధం వినలేదని వారు జవాబిచ్చారు. ఆ తర్వాతే ఆయన వారిని పరలోక శిక్ష గురించి హెచ్చరించారు. కంటికి కనిపించని విషయాలు చెప్పేముందు, కంటికి కనిపించే విషయాలలో నలభై ఏళ్ళకు పైగా సత్యమే పలికిన జీవితాన్ని వారి ముందుంచారు.

తల్లి పని కూడా ఇలాంటిదే. అల్లాహ్ ను, దైవదూతలను, స్వర్గనరకాలను బిడ్డ చూడలేదు. అమ్మ చెప్పింది కనుక నమ్ముతున్నాడు. బిస్కెట్టు విషయంలో, బజారు విషయంలో అమ్మ మాట నిజం కాదని తేలిపోతే, పరలోకం గురించి అదే అమ్మ చెప్పే మాట వాడి మనసులో ఎలా నిలుస్తుంది? పద్నాలుగేళ్ళ వయసులో ఆడపిల్లకో, మగపిల్లవాడికో బయట ఏదైనా కష్టం ఎదురైతే ఆ అమ్మ దగ్గరకొచ్చి నిజం చెప్పుకునే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇందుకు పెద్ద చదువులు, డబ్బు అవసరం లేదు. ఇవ్వలేనిదానికి ఇవ్వలేనని మెల్లగా, స్పష్టంగా చెప్పాలి. వాడు కాసేపు ఏడుస్తాడు, తర్వాత సర్దుకుంటాడు. సూది కొంచెం నొప్పిగానే ఉంటుంది, నేను నీ చెయ్యి పట్టుకుంటానని చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఏడిస్తే ఏడవనివ్వాలి, కాని చెప్పే వెళ్ళాలి. ఇన్షా అల్లాహ్ అన్నాక ఆ పనికి నిజంగా పూనుకోవాలి. వీలుపడకపోతే కారణం బిడ్డకు కూడా చెప్పాలి. భర్తతో, అత్తమామలతో, వాకిట్లోకొచ్చిన కూరగాయలమ్మితో మనం మాట్లాడే తీరును కూడా వాడు వింటున్నాడని గుర్తుంచుకోవాలి.

స్త్రీ తన ఇంటికి, సంతానానికి బాధ్యురాలని, ఆ బాధ్యత గురించి ఆమె ప్రశ్నించబడుతుందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. మన బిడ్డలు మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఆ అమానతును సత్యంతో పెంచి పెద్దచేద్దాం.

అల్లాహ్ మన నాలుకలకు సత్యాన్ని, మన ఇళ్ళకు శాంతిని, మన సంతానానికి మంచి నడవడికను ప్రసాదించుగాక! ఆమీన్.