కుండలో దాచిన నాణేలు



2024 మార్చిలో ఫణిగిరి బౌద్ధారామం తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. మన జనగామ నుంచి సూర్యాపేట వైపు పోతే నాగారం మండలంలో ఉన్న గుట్టే ఫణిగిరి. ఆ కుండలో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివని పురావస్తు శాఖ వాళ్లు చెప్పారు. దాచినవాళ్లు మళ్లీ వచ్చి తీసుకోలేదు. ఖర్చు కాని డబ్బు పదహారు, పదిహేడు వందల ఏండ్లు మట్టిలోనే ఉండిపోయింది.

అదే గుట్ట మీద భిక్షువులు కూర్చొని ధ్యానం చేశారు. దారిన పోయే బాటసారులు ఆగి నాలుగు మంచి మాటలు విన్నారు. ఆ సుఖం ఏ తవ్వకంలోనూ దొరకదు. మరి వాళ్లకు ఎక్కువ మేలు చేసింది ఏది? కుండలో ఉన్నదా, దొరకనిదా?

ఈ ప్రశ్న మీదనే ఒకసారి మహబూబాబాద్‌లో మీటింగులో మాట్లాడుతున్నాను. వస్తువుల మీద ఆశ తగ్గించుకోవాలని చెప్తుంటే, మిరపకాయలు ఏరబోయే ఒక అక్క లేచింది. "అన్నా, మాకేమున్నదని విడిచిపెట్టమంటున్నవ్? ఉన్నోళ్లకు చెప్పు ఈ మాట" అన్నది. నాకు నోట మాట రాలేదు.

ఆమె అన్నది న్యాయం. ఎకరం భూమి, దానికి పట్టా కాగితం, వాన కురవని ఇల్లు, కాళ్లకు చెప్పులు, ఇవి మనకు ఉత్త వస్తువులు కావు. తరతరాలు మనకు అందకుండా చేసిన గౌరవం. లేనితనమే పుణ్యమని చెప్పేవాడు ధమ్మం చెప్తలేడు. సంసారికి పేదరికం దుఃఖం, అప్పు దుఃఖం, వడ్డీ దుఃఖం అని బుద్ధుడే చెప్పినట్టు అంగుత్తర నికాయంలో ఉంది.

అదే నికాయంలో అనాథపిండికుడనే గృహస్థుకు బుద్ధుడు నాలుగు సుఖాలు చెప్పాడు. న్యాయంగా, కష్టపడి సంపాదించింది ఉండడం ఒక సుఖం. దాన్ని తాను అనుభవిస్తూ మంచి పనికి వాడడం రెండోది. ఎవరికీ బాకీ లేకపోవడం మూడోది. మాటలో, చేతలో, మనసులో నింద లేకుండా బతకడం నాలుగోది. మొదటి మూడూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతుకు రావన్నాడు. చూడండి, వస్తువును ఆయన తిట్టలేదు. దాని స్థానం ఎక్కడో చూపించాడు.

నా సంగతే చెప్తా. ఇంట్లో పాత టీవీ మంచిగనే నడుస్తుండగా ఫైనాన్స్‌లో పెద్దది తెచ్చిన. పక్కింటోళ్లు తెచ్చుకున్నరని. వారం రోజులు సంబురం. ఆ తర్వాత కిస్తీ తారీఖు వస్తే గుండె దడ. ఫోన్ మోగితే ఎత్తకపోయేది. ఎంత బాకీ ఉందో ఇంట్ల ఆమెకు అబద్ధం చెప్పిన. ఒక్క వస్తువు కోసం బాకీ లేని సుఖం పోయింది, నింద లేని సుఖం కూడా పోయింది. సాగు కోసం, దవాఖాన కోసం చేసే అప్పు సంగతి వేరు. అది ఈ వ్యవస్థ మన మీద వేసిన బరువు. నేను చేసింది నా తృష్ణ చేయించిన అప్పు.

ఆ తర్వాత ఒక ఆదివారం మేమంతా ఫణిగిరి పోయినం. మహబూబాబాద్ అక్క వచ్చింది. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఒక తాత వచ్చిండు. జనగామ నుంచి మా బస్తీ పిల్లలు వచ్చిన్రు. గుట్ట మీద తాత ఎగపోసుకుంటూ కూర్చొని, "ఈ గాలికి కిరాయెంత బిడ్డా?" అని నవ్విండు. కట్టుకుపోయిన సద్ది అందరం పంచుకొని తిన్నం. వీధులు ఊడ్చే సునీతుణ్ని బుద్ధుడు సంఘంలోకి తీసుకున్న కథ చెప్పిన. అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఆ కథ ఇప్పుడు మిరప చేన్లలో ఆమె నోట తిరుగుతోంది. మా టీవీ సంగతి ఎవరూ చెప్పుకోరు.

అయితే ఒక జాగ్రత్త. అనుభవాన్ని కూడా మనం కుండలో దాచుకోగలం. స్టేటస్‌లో పెట్టుకోవడానికి అప్పు చేసి టూరు పోతే అది కూడా తృష్ణే. గుట్ట మీద గాలి దిగేసరికి ఉండదు. దాన్ని పట్టుకోవాలని చూడకుండా, ఉన్నంతసేపు ఎరుకతో ఉండడమే ధమ్మం నేర్పేది.

కాబట్టి ఏదైనా కొనేముందు మూడు మాటలు అడుక్కోండి. ఇది నా బతుక్కి అక్కరకొస్తదా? దీనికోసం ఎవరి దగ్గర తల వంచాలె? దీన్ని వాడుకుంటానా, చూపించుకుంటానా? అవసరమైతే ధైర్యంగా కొనండి, అది మీ హక్కు. కాకపోతే ఆ పైసలు ఉండనీయండి. వచ్చే ఆదివారం సద్ది కట్టుకొని గుట్ట ఎక్కండి. పక్కింటోళ్లను కూడా పిలవండి.

నమో బుద్ధాయ!