నిండుదనమునకు కొలత

హాలహర్వి నల్లరేగడి పొలముల నడుమనుండి ఆదోని మీదుగా మంత్రాలయమునకు మోటారుసైకిలుపై బోవు భక్తుడు, బయలుదేరుటకు ముందు పంక్చరు అంగడియొద్ద చక్రములకు గాలి పెట్టించుకొనునపుడు, 1671లో తుంగభద్రాతీరమున బృందావనప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామివారి సంప్రదాయములోని ఒక కఠినప్రశ్నను తనకు తెలియకయే స్పృశించుచున్నాడని నాకు దోచుచుండును. ముక్తిలో జీవులందఱి ఆనందము సమానమా? కాదని ఆ సంప్రదాయమునకు మూలమైన మధ్వసిద్ధాంతము. జీవులకు స్వరూపయోగ్యతలో భేదము కలదనియు, ముక్తులయందును ఆనందతారతమ్యము ఉండుననియు, అయినను ఎవరి ఆనందము వారికి పరిపూర్ణమేయనియు ఆ మతము చెప్పును. సమత్వమును ప్రాణప్రదముగా నెంచు ఈ కాలపు మనస్సునకు ఈ మాట ముల్లువలె గ్రుచ్చుకొనును. తక్కువ ఆనందము పరిపూర్ణమెట్లగును?

క్రూజరు బండిని చూడుడు. పొడుగైన దేహము, క్రిందికి దిగిన సీటు, ముందునకు చాచిన కాళ్లు. కూర్చున్నవాని బరువు వెనుక చక్రముమీదనే అధికముగా వ్రాలును. కనుక ముందు చక్రమునకు 25, వెనుక చక్రమునకు ఒక్కడే యెక్కినపుడు 28, వెనుక మఱియొకరు కూర్చున్నపుడు 32 పౌండ్లు అనునట్టి అంకెలు బండితో నిచ్చు పుస్తకములలో కానవచ్చును. ఏ బండి అంకె ఆ బండిదే. టైరు ప్రక్కన అచ్చొత్తిన పెద్ద అంకె ఆ టైరు ఓర్వగల గరిష్ఠపీడనమేగాని పెట్టవలసిన గాలి కాదు. దానిని చూచి రెండింటికిని నిండుగా కొట్టుమనువారు కలరు. అట్లు కొట్టినచో టైరు నడిమిభాగమే రోడ్డు నానుకొని త్వరగా అరిగిపోవును, పట్టు తగ్గును, వానకు ఉబ్బి ఎండకు బీటలువాఱు రేగడిపై వేసిన రోడ్డులోని ప్రతి గుంటయు నేరుగా వెన్నెముకకు తగులును. తక్కువైనచో టైరు ప్రక్కలు తిరిగిన ప్రతిసారియు మడతపడి వేడెక్కును, అంచులు అరుగును, మలుపులో బండి ఊగును.

ముందు చక్రమునకు మూడు పౌండ్లు కొఱతపడినవని ఎవ్వరును అనరు. 25తోనే అది నిండినది. కొఱతయనునది ప్రక్కవాని అంకెతో పోల్చినపుడు పుట్టునది కాదు, తాను మోయు బరువునకు చాలనపుడు పుట్టునది. తారతమ్యమును పూర్ణత్వమును ఒకేచోట నిలుచుట అసంభవము కాదని నాకిచ్చట నచ్చినది.

గేజి పట్టువారికి తెలిసిన సూక్ష్మ మింకొకటి కలదు. మండువేసవిలో దూరము నడచిన టైరులో గాలి వేడెక్కి, పది డిగ్రీలకు దాదాపు ఒకటిన్నర పౌండు చొప్పున అంకె పెరుగును. అది చూచి వాల్వు నొక్కి గాలి వదలుట తప్పు, ఏలయన చల్లారినపిదప చక్రము లేమిలో పడును. పుస్తకములోని అంకె బండి కదలకముందు, చల్లని స్థితిలో కొలువవలసినది. జీవుని యోగ్యతను ఆవేశములోనో ఆపదలోనో కొలచి తీర్పు చెప్పువారు ఈ తప్పే చేయుదురు.

అయినను ఈ పోలిక కొంతదూరమే వచ్చును. వెనుక మనిషి యెక్కగానే చక్రపు కొలత మాఱును. మధ్వమతమున స్వరూపయోగ్యత అనాది, మాఱనిది. కావున ఆ తారతమ్యమును మోక్షమునకే విడిచి, ఈ లోకవ్యవహారమున నేను గీత ఆఱవ అధ్యాయములోని యుక్తాహారవిహారముల మార్గమునే ఆశ్రయింతును. అచ్చట తగినంతయనునది చేయు పనిని బట్టి, మోయు భారమును బట్టి నిర్ణయమగును. జీవుల స్వరూపము భగవంతునికే సంపూర్ణముగా గోచరమని ఒప్పుకొనియు, పుట్టిన కులమును చూచి ఇతడింతటివాడేయని గీత గీయుటకు తారతమ్యవాదమును ఆధారముగా చూపువారితో నేనెన్నడును ఏకీభవింపను. ఆదోని మార్కెట్టులో ప్రత్తిమూటలు మోయువాని ఆత్మ ఎంతటిదో చూపు గేజి ఎవరిచేతిలోను లేదు.