ముందు కాగితం, తర్వాతే హార్నెస్

అబ్బాయీ,

గరాజ్‌లో 1932 ఫోర్డు రోడ్‌స్టర్ కడుతున్నావనీ, ఛాసిస్ మీద 350 షెవర్లే ఇంజను కూర్చోబెట్టేశావనీ మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇక కారు తీగలన్నీ ఒక కట్టగా వచ్చే వైరింగు హార్నెస్ కొనాలట, ఏది కొనాలో బాబాయ్‌నే అడుగు అని నీతో అన్నానన్నాడు. డెట్రాయిట్ చుట్టుపక్కల నా ఉద్యోగమంతా కార్ల తీగలతోనే గడిచింది కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట కాస్త ఓపిగ్గా విను.

నువ్వు కొనే హార్నెస్ నువ్వే చదివి అర్థం చేసుకోగలిగేదిగా ఉండాలి. నేను చెప్పదలచినదంతా ఇంతే. ధర ఆ తర్వాత, ఎన్ని సర్క్యూట్లన్నది ఇంకా తర్వాత. కంపెనీ కారు చెడిపోతే దాని వైరింగు చిత్రం ఏ మెకానిక్ దగ్గరైనా దొరుకుతుంది. నీ బండి లాంటిది ప్రపంచంలో ఇంకొకటి లేదు. బాడీ ఒకరిది, ఇంజను ఒకరిది, స్టీరింగ్ కాలమ్ వేరొకరిది, మీటర్లు మరొకరివి. రాత్రిపూట రోడ్డు పక్కన దీపాలు ఆరిపోతే ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలిసిన మనిషివి నువ్వొక్కడివే. అందుకని తీగ మీద దాని పని రాసి ఉన్నదాన్నే తీసుకో. రంగు మాత్రమే ఉంటే చాలదు. డాష్ కింద చీకట్లో ఊదారంగుకీ నీలానికీ తేడా తెలియదు. ‘ఎడమ ఇండికేటర్ వెనుక’ అనో, ‘ఫ్యాను’ అనో తీగ పొడవునా కొన్ని అంగుళాలకొకసారి అచ్చు వేసి ఉంటే, ఎక్కడ కత్తిరించినా ఆ మాట మిగులుతుంది.

పాత ఫోర్డుకు అసలు ఎలా వచ్చిందో అలాగే, నూలు అల్లిక తొడుగు వేసిన తీగలతో తయారుచేసే హార్నెస్‌లు కూడా అమ్ముతారు. చూడముచ్చటగా ఉంటాయి, నీ మనసు వాటి మీదికి పోతుందని నాకు తెలుసు. అవి యథాతథంగా పునరుద్ధరించే బళ్ళ కోసం. 1932లో ఆ బండి ఆరు వోల్టులది, పైగా పాజిటివ్ ఎర్త్. ఫోర్డు వాళ్ళు పన్నెండు వోల్టులకూ, నెగటివ్ ఎర్త్‌కూ మారింది 1956 మోడళ్ళతో. అప్పట్లో దీపాలు, హారన్, ఇగ్నిషన్, జనరేటర్, సెల్ఫ్ మోటారు ఉంటే బండి పూర్తయినట్టే. కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు చెరువుల మీద వేగాల కోసం పరుగులు పెట్టిన కుర్రాళ్ళు బరువు తగ్గుతుందని అందులోనూ కొన్ని ఊడదీసేవారు. నీ బండిలో కరెంటు ఫ్యాను ఉంది, పెట్రోలు పంపు ఉంది, వెనక ఎల్ఈడీ దీపాలున్నాయి, పాటలూ కావాలంటున్నావు. ఆ నూలు తీగల కాలం వేరు, నీ అవసరం వేరు.

తీగల చుట్టలు కొని మొత్తం నేనే కట్టుకుంటానంటావేమో. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఎలక్ట్రీషియన్లు ఛాసిస్ పక్కన కూర్చుని, మూరలతో తీగ కొలిచి, కత్తిరించి, టేపు చుట్టి వైరింగంతా చేత్తో కట్టేస్తుంటే నేనూ మీ నాన్నా గంటల తరబడి చూస్తూ నిలబడేవాళ్ళం. వాళ్ళ పనితనం మీద నాకు ఇవాళ్టికీ గౌరవమే. అయితే చిత్రమంతా ఆ మేస్త్రి తలలోనే ఉండేది. ఆయన ఊళ్ళో లేని రోజున మరొకరు టెస్ట్ బల్బు పట్టుకుని తీగ తీగా తడుముకోవాల్సి వచ్చేది. నీకిది మొదటి బండి. కిట్ కొనుక్కో, రెండోదానికి చుట్టలు కొందువుగాని.

ఇప్పుడు కాగితం సంగతి. హార్నెస్ వెతకడం మొదలుపెట్టకముందే ఒక తెల్లకాగితం తీసుకుని, బండిలో కరెంటు తినే ప్రతి వస్తువునూ వరసగా రాయి. పక్కన ఎన్ని ఆంపియర్లు, ఆ పక్కన ఫ్యూజు పెట్టె నుంచి ఎన్ని అడుగులు. దూరం టేపు పెట్టి కొలువు, ఊహించకు. తీగ సూటిగా పోదు, తలుపు చట్రం వెంట వంగి, ఛాసిస్ అంచున పాకి పోతుంది. ముందు దీపాలే తీసుకో. ఒక్కొక్కటి 55 వాట్లయితే రెండూ కలిపి 110, అంటే తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు. ఆ కరెంటును పన్నెండడుగుల దూరం 18 గేజి తీగలో పంపితే దారిలోనే దాదాపు 0.7 వోల్టు పోతుంది. మామూలు హాలోజన్ బల్బుకు ఆ కాస్త వోల్టేజి తగ్గితే వెలుతురు దాదాపు ఐదో వంతు పడిపోతుంది. అదే 12 గేజి తీగలో పోయేది 0.2 వోల్టు లోపే. గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావెక్కుతుందని గుర్తు పెట్టుకో, కొత్తవాళ్ళు అక్కడే తడబడతారు. ఫ్యాను మరీ ఆకలిగొట్టుది. పాతిక ముప్ఫై ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. దాన్ని డాష్‌లోని స్విచ్ గుండా పంపకు, రిలే పెట్టు. ముందు దీపాలకూ రిలేలు పెడితే స్విచ్ పదికాలాలు మన్నుతుంది.

ఆ కాగితం పూర్తయ్యాక సర్క్యూట్ల లెక్క దానంతట అదే తేలుతుంది. పన్నెండు సర్క్యూట్లవి ఉన్నాయి, పద్దెనిమిదివి, ఇరవయ్యొకటివి ఉన్నాయి. ఎక్కువ ఉంటే మంచిదేగా అనిపిస్తుంది. కానీ నీ రోడ్‌స్టర్‌కు కరెంటు అద్దాలు లేవు, తలుపుల తాళాలు లేవు, ఏసీ లేదు. ఆ తీగలన్నీ చుట్టి డాష్ వెనక దాచాలి, అక్కడేమో పిడికిలి పట్టే చోటు కూడా ఉండదు. లెక్కకు మించి రెండు మూడు సర్క్యూట్లు ఖాళీగా ఉంటే చాలు. ఫ్యూజు పెట్టె ఎక్కడ పెట్టేదీ ముందే తేల్చుకుని, అట్టముక్కను ఆ కొలతకు కత్తిరించి పెట్టి చూడు. సీట్లో కూర్చుని, టార్చి నోట్లో కరుచుకుని, ఒంటి చేత్తో ఫ్యూజు మార్చగలిగితే అది సరైన చోటు.

తీగ రకం మీద మాత్రం రాజీ పడకు. చవక కిట్లలో జీపీటీ అనే పీవీసీ తొడుగు తీగ వస్తుంది, అది ఎనభై డిగ్రీల సెల్సియస్ దగ్గరి వేడి వరకే. టీఎక్స్ఎల్, జీఎక్స్ఎల్ అని రాసి ఉన్నవాటి తొడుగు 125 డిగ్రీలు తట్టుకుంటుంది. నీ బండిలో ఎగ్జాస్ట్ గొట్టాలకూ తీగలకూ మధ్య జానెడు దూరం ఉంటే గొప్ప. టీఎక్స్ఎల్ తొడుగు పలచన కాబట్టి కట్ట కూడా సన్నగా, ఇరుకు సందుల్లో ఒదిగిపోతుంది. ఇంటి గోడల్లో వేసే తీగ మిగిలిందని వాడేవాళ్ళను చూశాను. అది కదలకుండా పడి ఉండటానికి తయారుచేసిన తీగ, ఇంజను అదురుకు నిలబడేది కాదు.

నీ ఇంజనుకు హెచ్ఈఐ డిస్ట్రిబ్యూటర్ వేశానన్నావు. 1970ల మధ్యలో జీఎం బళ్ళకు వచ్చిన ఆ డిస్ట్రిబ్యూటర్‌కు పూర్తి పన్నెండు వోల్టులు కావాలి. అంతకుముందు పాయింట్లు కాలిపోకుండా వోల్టేజి తగ్గించే రెసిస్టెన్స్ తీగ వేసేవారు, పాత తరహా హార్నెస్‌లలో అది ఇంకా ఉంటుంది. దానితో హెచ్ఈఐని నడిపితే నెమ్మదిగా బాగానే పోతుంది, వేగం పెంచగానే ఇంజను తడబడుతుంది. నువ్వు కార్బురేటరంటావు, జెట్లంటావు, వారం రోజులు అక్కడే తిరుగుతావు. కొనేటప్పుడే ఇగ్నిషన్ తీగ ఏ రకమో అడుగు. అలాగే ఆల్టర్నేటర్ ఒక తీగదా మూడు తీగలదా, స్టీరింగ్ కాలమ్ కనెక్టర్ ఏ కొలతదీ అన్నవి కూడా. జీఎం కాలమ్‌లలోనే 1969కి ముందూ తర్వాతా ఆ కనెక్టర్ పొడవు వేరు. డాష్‌లో అమ్మీటరు వద్దు నాయనా. చార్జింగ్ కరెంటంతా నీ మోకాళ్ళ ముందుకు వచ్చి వెళ్ళాల్సి వస్తుంది. వోల్టు మీటరు పెట్టుకో, నీకు తెలియాల్సింది అదే చెబుతుంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది నీ బాడీ ఫైబర్‌గ్లాస్ కావడం. ఉక్కు బాడీలో తోక దీపానికి వెళ్ళిన కరెంటు ఆ రేకు గుండానే బ్యాటరీకి తిరిగొస్తుంది. మామూలు కిట్లు ఆ లెక్క మీదే తయారవుతాయి, కాబట్టి తిరుగుదారి తీగలు సాధారణంగా పెట్టెలో రావు. నీకు ఆ రేకు లేదు. ప్రతి దీపానికీ, ప్రతి మీటరుకూ, హారన్‌కూ విడిగా ఎర్త్ తీగ నువ్వే వేసుకోవాలి. అది లేకపోతే ఏమవుతుందో చెబుతాను. బ్రేకు తొక్కితే ఇండికేటర్ బల్బు మసకగా వెలుగుతుంది. ఇండికేటర్ వేస్తే మీటర్ల ముళ్ళన్నీ దానితోపాటు ఊగుతాయి. పెట్రోలు ట్యాంకులోని సెండర్‌కు ఎర్త్ అందకపోతే జీఎం రకం మీటరు ట్యాంకు ఖాళీ అయినా నిండుగా ఉందనే చూపిస్తుంది. దారి దొరకని కరెంటు పక్క బల్బులోంచో మరో మీటరులోంచో తిరిగి రావాలని చూస్తుంటే, నువ్వు బాగున్న వస్తువులన్నీ విప్పి చూస్తుంటావు.

డాష్ వెనక ఒకటి, డిక్కీలో ఒకటి, రెండు ఎర్త్ పట్టీలు బిగించు. చుట్టుపక్కల నల్లతీగలన్నీ వాటికి చేర్చి, ఒక్కో పట్టీ నుంచి 8 గేజి తీగతో ఛాసిస్‌కు కలుపు. ఛాసిస్‌కు నువ్వు వేయించిన పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు. బోల్టు పడే చోట లోహం తళతళలాడేదాకా గీకి, పళ్ళ వాషర్ వేసి బిగించి, ఆ తర్వాతే తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయి. అంత అందమైన రంగు గీకడానికి చెయ్యి రాదు, తెలుసు. అయినా గీకు. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య మందపాటి అల్లిక పట్టీ తప్పనిసరి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. ఆ పట్టీ లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు పారే వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ కేబుల్ వెంట తిరిగొస్తాయి, అది నిమిషంలో ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ డిక్కీలో పెడుతున్నావు గనుక ఇంజను దాకా 1/0 గేజి కేబులు వాడు. బ్యాటరీ పక్కనే మెయిన్ స్విచ్ పెట్టు. చుట్టుపక్కల ఎవరైనా సరే ఒక్క చేత్తో ఆపగలిగేలా ఉండాలి.

ఫ్యూజు కాపాడేది తీగను. దీపాన్నో పంపునో కాపాడుతుందనుకుని చాలామంది, ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్దది వేసేస్తారు. అప్పుడు ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. ఆ తీగ ఉండేది ఫైబర్‌గ్లాస్ వెనక, ఆ బండిలో నీ పక్కన కూర్చునేది కోడలు. పదిహేను ఆంపియర్ల ఫ్యూజు పోతే ఎందుకు పోయిందో వెతుకు, ఇరవై వేయకు.

వెనక దీపాలు ఎల్ఈడీవి కదా, అవి కరెంటు తక్కువ తాగుతాయి కాబట్టి పాత తరహా ఫ్లాషర్ వాటితో సరిగ్గా కొట్టదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ ఇచ్చే కిట్ చూసుకో.

కంపెనీల పేర్లు అడిగావు. టెక్సస్ ఫోర్ట్‌వర్త్‌లోని పెయిన్‌లెస్, న్యూజెర్సీలోని అమెరికన్ ఆటోవైర్, పెన్సిల్వేనియాలోని రాన్ ఫ్రాన్సిస్, ఈ మూడూ నువ్వు తరచుగా వినే పేర్లే. ఇది కొను అని నేను ఒకదాన్ని చూపించను. మూడింటి సూచనల పుస్తకాలూ తెప్పించుకుని, నీ కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కో సర్క్యూట్ మీద వేలు పెట్టి చదువు. ఏ పుస్తకంతో ఎవరినీ అడగకుండా కాగితంలోని ప్రతి వరసకూ తీగ దొరికిందో ఆ కిట్ నీది. వంద డాలర్లు ఎక్కువైనా వెనకాడకు. మిగిలిన డబ్బుతో మంచి క్రింపింగ్ టూలు కొను. చవక శ్రావణంతో నొక్కిన టెర్మినల్ చూడటానికి బాగానే ఉంటుంది, గట్టిగా లాగితే చేతికొచ్చేస్తుంది. నొక్కిన ప్రతిదాన్నీ లాగి చూడు. అదిరే చోట టంకం పెట్టకు, టంకం ఆగిన చోట తీగ బిరుసెక్కి అక్కడే విరుగుతుంది. ఫైర్‌వాల్ దాటే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రామెట్ వెయ్యి.

తీగలన్నీ కలిపాక నేరుగా బ్యాటరీ తగిలించకు. ఫ్యూజులన్నీ తీసేసి, అన్ని స్విచ్‌లూ ఆపి, బ్యాటరీ నెగటివ్ కొసకూ దాని కేబులుకూ మధ్య ఒక టెస్ట్ బల్బు పెట్టు. బల్బు వెలగకపోతే ఒక్కో ఫ్యూజూ పెట్టుకుంటూ రా. ఏ ఫ్యూజు పెట్టగానే వెలిగిందో ఆ తీగలో ఎక్కడో షార్టు ఉంది. గడియారం, రేడియో మెమరీ లాంటివి తాగే కొద్దిపాటి కరెంటుకు బల్బు వెలగదు, దానికి కంగారు పడకు. మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉంచుకో, ఆ రోజు గరాజ్ తలుపు తెరిచే ఉంచు.

ఆదివారం లోపు ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు. అడుగుల వరస ఖాళీగా వదిలేస్తే తిప్పి పంపేస్తాను. స్టీరింగ్ కాలమ్ కనెక్టర్‌ను స్కేలు పక్కన పెట్టి ఇంకో ఫొటో తీయి. రెండూ చూశాక ఫోను చేస్తాను, అప్పటిదాకా దేనికీ డబ్బు కట్టకు.

మీ బాబాయ్