ఊకెనే తిరగడం

బయటికి అడుగుపెడుతున్న మనిషిని ‘ఎక్కడికి?’ అని అడగకూడదంటారు మన ఇళ్ళల్లో. అపశకునమట, వెళ్ళే పని చెడుతుందట. అంతగా తెలుసుకోవాలంటే ‘ఎందాకా?’ అనో ‘దూరమా?’ అనో అడుగుతారు. ఈ మర్యాద ఆడపిల్లకి వర్తించగా నేనెప్పుడూ చూళ్ళేదు. మేం చెప్పులేసుకుంటే చాలు, ఎక్కడికి, ఎవరితో, ఎందుకు, ఎప్పుడొస్తావు అన్న నాలుగు ప్రశ్నలూ గుమ్మంలోనే ఎదురొస్తాయి. శకునం సంగతి ఎవరికీ గుర్తు రాదు. ఆమె పని చెడినా ఫర్వాలేదు, ఆమె చెడకుండా ఉంటే చాలని కాబోలు.

తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు అన్న సామెత తెలియని వాళ్ళుండరు. ఒకే క్రియ, రెండు తీర్పులు. మగపిల్లాడు పనీపాటా లేకుండా తిరిగితే ‘బలాదూర్ తిరుగుతున్నాడు’ అని తిడతారు గానీ ఆ తిట్టులో సగం ముద్దే ఉంటుంది. నాలుగూళ్ళు తిరిగినవాడు అంటే అది మెచ్చుకోలు. అదే ఆడమనిషి గురించి ‘తిరుగుతుంది’ అని ఊరుకుంటే చాలు, మిగతాది వినేవాళ్ళే పూరించుకుంటారు. బజారు, వీధి అన్న మాటలు కూడా మగవాడి పక్కన చేరితే స్థలాల పేర్లు, ఆడదాని పక్కన చేరితే తిట్లు. ‘తిరుగుబాటు’ కూడా ఈ తిరగడంలోంచే పుట్టిందని గుర్తొచ్చినప్పుడు మాత్రం నాకు కొంచెం సంతోషంగా ఉంటుంది.

నేను రామ్‌నగర్‌లో పుట్టి పెరిగాను. ఈ ఊళ్ళో చూడాల్సినవీ వినాల్సినవీ చాలావరకు తక్కువ ఖర్చుతోనో, ఉచితంగానో దొరుకుతాయి. నడిచివెళ్ళేంత దూరంలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఏదో ఒక పుస్తకావిష్కరణో చర్చో జరుగుతూనే ఉంటుంది. రవీంద్రభారతిలో నాటకాలు. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్‌లో చెట్టు కింద టీ తాగుతూ ఉర్దూ కవిత్వమైనా వినొచ్చు, డాక్యుమెంటరీ అయినా చూడొచ్చు. ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన షాపుల ముందు పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాలు. చలికాలంలో బుక్ ఫెయిర్, అది అయిపోగానే నాంపల్లి నుమాయిష్.

వీటన్నిటికీ వెళ్ళాను. అయితే ఇంట్లో చెప్పిన తీరు గురించి ఆలోచిస్తే ఒక విషయం తేలుతుంది. ‘మీటింగుంది’ అంటే సరే అంటారు. ‘పుస్తకాలు కొనుక్కోవాలి’ అంటే సరే. ‘ఊకెనే పోయొస్త’ అంటే మాత్రం ఇంట్లో గాలి మారిపోతుంది. అంటే సాహిత్యం, కళ, విజ్ఞానం నాకు గేట్‌పాస్ లాంటివి. మంచి పని మీద వెళ్తున్న ఆడపిల్ల మంచి పిల్ల. ఇది కొత్తదేం కాదు. భండారు అచ్చమాంబ 1900ల తొలి ఏళ్ళలో స్త్రీ సమాజాలు పెట్టించడానికి ఊరూరూ తిరిగింది. సేవ అన్న కారణం లేకపోతే ఒక స్త్రీ అలా తిరగడాన్ని ఆ కాలం ఎంతవరకు సహించేదో ఊహించుకోవచ్చు. మన ముందుతరం వాళ్ళు ఆ పాస్ సంపాదించి పెట్టారు, అందుకు వాళ్ళకి ఎంత రుణపడినా తక్కువే. కానీ నా ప్రశ్న అది కాదు. ఏ మంచి పనీ లేకుండా, ఏమీ నేర్చుకోకుండా, ఎవరికీ ఉపయోగపడకుండా ఊరు తిరిగే హక్కు ఆడమనిషికి ఉందా? ఉంటే దాన్ని ఎలా సమర్థించుకోవాలి? అసలు సమర్థించుకోవడం మొదలుపెడితే అది హక్కుగా మిగులుతుందా?

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి ముంబయి ఆడవాళ్ళ గురించి రాసిన ‘వై లాయిటర్?’ (2011) ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మాకు రక్షణ ఇవ్వండి అని కాక, ప్రమాదాన్ని ఎంచుకునే హక్కు ఇవ్వండి అని అడగాలన్నది వాళ్ళ వాదన. చదివినప్పుడు ఒప్పుకోవడం తేలిక. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ డాక్టర్‌ని చంపేశాక ఆ మాట ఇంట్లో అనడం చాలా కష్టమైంది. ఆ డిసెంబరులో ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీ వెయ్యవద్దని ప్రభుత్వం చెప్పింది. దయతో తీసుకున్న నిర్ణయమే కావచ్చు. కానీ దాని అర్థమేమిటి? రాత్రి బస్సులో మహిళా కండక్టర్ కూడా ఉండదు. ఆడవాళ్ళు లేని రోడ్డు ఇంకో ఆడమనిషికి ఇంకా భయమేస్తుంది, ఆమె కూడా మానేస్తుంది. ఒక్కొక్కరినీ కాపాడుతూ పోతే చివరికి రోడ్డంతా మగవాళ్ళకే మిగులుతుంది. భయం అబద్ధమని నేననను. భయాన్ని ఎవరి ఖాతాలో రాస్తున్నాం అన్నదే నా అభ్యంతరం.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న. మొదలైన వారంలోనే నేను విన్న మాట: ‘పనీ పాటా లేకుండా తిరుగుతున్నరు.’ బస్సులో నిలబడ్డ మగవాళ్ళు అన్నారు, టీ కొట్టు దగ్గర అన్నారు, చదువుకున్న మా బంధువులూ అన్నారు. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకి ఇస్తే బాగుండేదట. ఆటోవాళ్ళ గిరాకీ పడిపోయింది, అది నిజమైన కష్టం, దానికి ప్రభుత్వం జవాబు చెప్పాలి. కానీ ‘అవసరం లేకుండా’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. టాంక్‌బండ్ మీద గాలికి కూర్చున్నవాణ్ణి నీకు గాలి అవసరమా అని ఎవరూ అడగరు. అదీ జనం డబ్బుతో కట్టిందే.

మా అమ్మకి యాభై రెండేళ్ళు. పెళ్ళయి ఈ ఊరికి వచ్చి ముప్ఫై ఏళ్ళు. రేషన్ షాపు, బోరబండలో చిన్నమ్మ ఇల్లు, మా స్కూలు, గాంధీ ఆసుపత్రి – ఆమె హైదరాబాద్ ఇంతే, అన్నీ ఎవరో ఒకరి కోసం వెళ్ళిన చోట్లే. ఉచిత బస్సు వచ్చాక ఒకరోజు పక్కింటి అత్తమ్మతో కలిసి ఎక్కింది. కండక్టర్ ఆధార్ చూసి ‘ఎక్కడ దిగుతవమ్మా?’ అంది. జీరో టికెట్ మీద కూడా దిగేచోటు పడాలి మరి. ఏం చెప్పాలో ఇద్దరికీ తోచలేదట. ‘ఆఖరి స్టాపెక్కడ్నో ఆడికే ఇయ్యి’ అందట అమ్మ. బస్సు ఆఖరి దాకా పోయి, టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చారు. డబ్బు తీసుకోని బస్సు కూడా ‘ఎక్కడికి’ అన్న ప్రశ్నని మాత్రం వదల్లేదు. నాన్న ఎందుకు పోయినవ్ అని అడిగితే ‘కిటికీ కాడ సీటు దొరికింది’ అంది. నేను చదివిన సిద్ధాంతాలన్నిటికన్నా ఆ జవాబు నాకు బాగా నచ్చింది. అందులో సంజాయిషీ లేదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. నేను రవీంద్రభారతి నుంచి తొమ్మిదింటికి ఇల్లు చేరితే అన్నం వేడిగా ఉండేది. నా తీరిక అమ్మ వండిపెట్టిన తీరిక. మగవాళ్ళు వేల ఏళ్ళుగా అనుభవిస్తున్నది అదే కదా, కూతురి వంతు వచ్చినప్పుడే ఈ లెక్క తియ్యాలా అని నాతోటి స్నేహితురాలు వాదించింది. ఆమె వాదనలో బలముంది. అయినా, ఒక స్త్రీ బయట తిరగాలంటే ఇంకో స్త్రీ పొయ్యి దగ్గర ఉండి తీరాలన్న ఏర్పాటుని స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రాదు. అమ్మ బస్సెక్కిన రోజున నాన్న, తమ్ముడు బయటినుంచి ఇడ్లీ తెచ్చుకున్నారు. వండుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

పైగా ‘ఆడవాళ్ళు వీధిలోకి రావాలి’ అన్న మాట ఏ ఆడవాళ్ళ గురించి? తెల్లారకముందే మా వీధి ఊడ్చే కార్మికురాళ్ళని గడప లోపల ఎవరూ ఎప్పుడూ దాచలేదు. వీధి వాళ్ళకి పని చోటు. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఘోషా, పరువు అనేవి కొన్ని కులాల ఆడవాళ్ళకి వేసిన కాపలా. మిగతావాళ్ళని ఎండలో నిలబెట్టి, బయట కనబడతారు కాబట్టి గౌరవం లేదన్నారు. వాళ్ళు అడగాల్సింది బయటికి రావడం కాదు, చీపురు లేకుండా అదే వీధిలో కాసేపు కూర్చోవడం. ఊకెనే తిరగడం అనే హక్కు నాకన్నా వాళ్ళకే ఎక్కువ బాకీ ఉంది.

మౌలాలి గుట్ట కింద మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఈమె ఉర్దూ కవయిత్రి, నిజాం దర్బారులో గొప్ప హోదా ఉన్న తవాయిఫ్. తల్లి కోసం కట్టించిన తోటలో తనూ తల్లి పక్కనే పడుకుంది. అక్కడ కూర్చుంటే నాకు ఒకటే తడుతుంది: ఈ నగరం ఒకప్పుడు స్త్రీకి సభా, విద్యా, ఆస్తీ, రాకపోకలూ ఇచ్చింది, ‘ఇల్లాలు’ అన్న మాటని వదులుకుంటేనే. గౌరవమా, కదలికా, రెండింట్లో ఒకటే తీసుకో అన్న బేరం. తిరుగుబోతు అన్న తిట్టు ఇప్పటికీ ఆ బేరాన్నే గుర్తుచేస్తోంది. ఆ బేరం నాకొద్దు.

ఇంత పెద్ద మాటలు మాట్లాడుకున్నాక చిన్న మాట కూడా చెప్పాలి. నేను ఊళ్ళో ఎంతసేపు తిరగగలనన్నది పితృస్వామ్యం కన్నా ముందు నా మూత్రాశయం నిర్ణయిస్తుంది. బయల్దేరే ముందు నీళ్ళు తాగకుండా ఉండటం నా ఈడు ఆడపిల్లలందరికీ అలవాటే, అమ్మకీ అంతే. మగవాడికి గోడలున్నాయి. నా దగ్గర ఒక పటముంది, అందులో చారిత్రక కట్టడాలు లేవు, బాత్రూములున్నాయి: సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రవీంద్రభారతి, లామకాన్, సాలార్‌జంగ్ మ్యూజియం. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసేస్తారు కాబట్టి ఆ చుట్టుపక్కల వాడుకోదగ్గది నాకింతవరకు దొరకలేదు. అందుకని అక్కడ ఎన్ని పుస్తకాలున్నా రెండు గంటలే.