ప్రక్కన కూర్చున్నది ఎవరు?

ధ్యానించవలసిన భాగములు: యోహాను 19:23-24, మత్తయి 25:31-46



భూపాలపల్లి బొగ్గు గనులలో పనిచేయు మన సంఘపు యువకుడొకడు ఒక సాయంకాలము నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఒక వింత చెప్త వినుండ్రి" అని మొదలుపెట్టెను. అతడు స్నేహితులతో గోవాకు పోయెనట. అక్కడ పణజి పట్టణము వద్ద మాండవీ నదిలో నిలిచియుండు ఓడలలో కాసినోలు, అనగా జూదశాలలు ఉన్నవి. అందులో ఒక బల్లయొద్ద కూర్చుండి రాత్రి రెండు గంటలవరకు పోకరు అను పేకాట ఆడెను. ప్రక్క కుర్చీలో టోపీ నుదుటిమీదికి దించుకొనిన మనుష్యుడొకడుండెను. ఇద్దరును రెండు మాటలకంటె ఎక్కువ మాటలాడలేదు. తెల్లవారిన తరువాత తెలిసినదేమనగా, ఆయన దేశమంతయు ఎరిగిన క్రికెట్ ఆటగాడు! "చెయ్యి చాపితే తగిలేటంత దగ్గర కూసున్న అయ్యగారూ, గుర్తుపట్టలేకపోయిన" అని అతడు తల కొట్టుకొనెను.

ఇది నమ్మరాని సంగతి కాదు. పేరుగల క్రీడాకారులు కొందరికి ఈ ఆటయందు మక్కువ గలదు. టెన్నిసు వీరుడు రఫేల్ నడాల్ 2012లోను, ఫుట్‌బాల్ ఆటగాడు నేమార్ 2015లోను ఒక పోకరు సంస్థకు ప్రచారకులైరి. వింత యేమనగా, పోకరు ముఖములు చూచి ఆడు ఆట. ఎక్కువమంది ఆడు పద్ధతిలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి యిత్తురు; అయిదు ముక్కలు బల్లమీద అందరికిని కనబడునట్లు పరచుదురు. ఎదుటివాని చేతిలో ఏమున్నదో కనుగొనుటకు వాని కన్నులను, పెదవులను, వ్రేళ్లను కనిపెట్టుచుండవలెను. మన యువకుడు రాత్రియంతయు ప్రక్కవాని ముఖమును కనిపెట్టెను గాని మనుష్యుని ఎరుగలేదు. ఏలయనగా అతని మనస్సు బల్లమీది బిళ్లలయందే యుండెను.

యెరూషలేము వెలుపల ఒక దినమున ఇట్టి ఆటయే జరిగినది. సిలువ క్రింద సైనికులు కూర్చుండి, ప్రభువు వస్త్రములను నాలుగు భాగములు చేసికొనిరి. కుట్టు లేని అంగీని చింపుటకు మనసొప్పక చీట్లు వేసిరి. లోకరక్షకుడు వారికి చేరువలోనే ప్రాణము పెట్టుచుండగా, ఆ అంగీ ఎవరికి వచ్చునని వారు చూచుచుండిరి. తల యెత్తిన చాలును, ఆయన కనబడును. వారి కన్నులు చీట్లమీద నుండెను. అదే స్థలమున నిలిచిన శతాధిపతి మాత్రము ఆయన మరణించిన విధము చూచి ఆయన దేవుని కుమారుడని ఒప్పుకొనెను. భేదమేమి? అతడు పైకి చూచెను.

ఎరుగకపోవుట గోవా ఓడలలోనే జరుగునని అనుకొనకుడి. పర్వతగిరి మండలములోని కల్లెడ గ్రామము మహబూబాబాదు వారికి పొరుగుదే. అక్కడి పేద కూలి దంపతుల కుమార్తె దీప్తి జీవాంజి. బుద్ధి వికాసములో లోపముతో పుట్టిన ఆ బిడ్డ రూపమును చూచి చిన్ననాట అనేకులు ఎగతాళి చేసిరి. ఆ బిడ్డయే 2024 మే నెలలో జపానులోని కోబె పట్టణమున 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి, తన తరగతిలో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అదే సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సులో కాంస్య పతకము పొందెను. గోవాలో ఒకడు ఒక్క రాత్రి ఎరుగకపోయెను. ఇక్కడ ఇరుగుపొరుగువారు ఏండ్ల తరబడి ఎరుగకపోయిరి.

నేను ఆ యువకుని, "ఎంత పోయింది బిడ్డా?" అని అడిగితిని. "ఎనభై వేలు" అనెను. "ఎక్కడివి?" అని అడుగగా చాలసేపు మాటలాడలేదు. భార్య పుస్తెలు కుదువపెట్టి తెచ్చిన సొమ్మట! ఆన్‌లైన్ పందెపుటాటలను మన రాష్ట్రములో 2017లోను, దేశమంతట 2025లోను చట్టము నిషేధించినది. కాని గోవా రైలెక్కువానిని ఏ చట్టము ఆపును? ఆటగాడు ప్రక్కన కూర్చున్నాడని వింతపడిన ఈ యువకుడు, ఏడేండ్లుగా తన ప్రక్కన కూర్చుండి అన్నము వడ్డించిన ఆమెను ఎరుగకపోయెను.

ప్రియులారా, నా తప్పిదమును కూడ ఒప్పుకొనెదను. ఆ సోదరి నాలుగు ఆదివారములు మందిరములో ముందు చాపమీదనే కూర్చుండెను. బోసి మెడను కొంగుతో కప్పుకొని కూర్చుండెను. నేను ప్రసంగించితిని, కానుకలు ప్రతిష్ఠించితిని, ఆశీర్వాదము పలికితిని, ఆమెను చూడలేదు. జనగామ కూటములలో ఒక పేరుపొందిన ప్రసంగీకుని ప్రక్కన కూర్చుంటినని పది ఇండ్లలో చెప్పుకొనినవాడను నేనే. ఆ యువకుని గద్దించుటకు నాకు నోరెట్లు వచ్చును? ఇద్దరమును మోకరించితిమి.

తీర్పు దినమునుగూర్చి ప్రభువు చెప్పిన మాటలలో కుడివైపువారును ఎడమవైపువారును ఒకే ప్రశ్న అడుగుదురు: నిన్ను ఎప్పుడు చూచితిమి? ఆయన మిక్కిలి అల్పులైనవారిని చూపును. ఆయన టోపీ దించుకొని వచ్చిన ధనికునివలె గాక, ఆకలిగొన్నవానివలె, బట్టలేనివానివలె మన ప్రక్కన కూర్చుండును.

ఆ యువకుడు ఇప్పుడు జీతములో కొంత నెలనెల అప్పు క్రింద కట్టుచున్నాడు. పుస్తెలు ఇంకను విడిపింపబడలేదు, వారికొరకు ప్రార్థించుడి. రాబోవు ఆదివారము ప్రభువు బల్లయొద్దకు వచ్చునప్పుడు మీ కుడిప్రక్కను, ఎడమప్రక్కను కూర్చున్నవారిని ఒకసారి చూడుడి. "ఎట్లున్నవమ్మా? ఇంట్లో అందరు మంచిగున్నరా?" అని అడుగుడి. జవాబు వచ్చువరకు నిలువుడి.

ప్రభువా, బల్లమీది బిళ్లలనుండి మా కన్నులను మరలించుము. మా ప్రక్కన నున్న నిన్ను ఎరుగునట్లు చేయుము. ఆమేన్.