వెళ్లిపోయినవాడు మనవాడే



గ్రెగ్ స్టీవర్ట్ గుర్తున్నాడా? స్కాట్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌లో మన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీకి పది గోల్స్ కొట్టాడు, మరో పదింటికి బంతి అందించాడు. 2022 మార్చి 7న మోహన్ బగాన్‌ని 1-0తో ఓడించి జట్టు లీగ్ షీల్డ్ గెలిచింది. కరోనా వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే, అదీ చాలావరకు ఖాళీ స్టేడియంలలో జరిగాయి. మన ఫర్నేస్ స్టేడియంలో అతని కోసం ఒక్కసారైనా చప్పట్లు మోగకుండానే, తర్వాతి సీజన్‌కి ముంబయి సిటీకి వెళ్లిపోయాడు.

క్రికెటర్ డేవిడ్ వార్నర్ కథా అలాంటిదే. 2016 ఐపీఎల్‌లో 848 పరుగులు చేసి సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు కప్పు తెచ్చాడు. 2021లో కెప్టెన్సీ పోయింది, ఆ తర్వాత జట్టులో చోటూ పోయింది. 2022లో ఢిల్లీ తరఫున హైదరాబాద్‌పైనే 92 నాటౌట్. అయినా తెలుగు అభిమానులకు ఇప్పటికీ అతను వార్నర్ అన్నే.

జట్టుతో ఒప్పందం గడువుతో ముగుస్తుంది. అభిమానానికి గడువు రాసే కాగితం లేదు.

ఇది ఆటలకే పరిమితం కాదు. మన జంషెడ్‌పూర్ కంపెనీల ఊరు. బదిలీలూ రిటైర్‌మెంట్లూ ఇక్కడ మామూలే. డిపార్ట్‌మెంట్ మారిన సహోద్యోగిని ‘మనల్ని వదిలేశాడు’ అనేస్తాం. ఉన్నన్నాళ్లూ అతను చేసిన పనిని మరిచిపోతాం. అలాంటివాళ్లలో ఒకరికి ఈరోజు ఫోన్ చేయండి. ఆ పని ఇప్పటికీ మనకు ఉపయోగపడుతోందని చెప్పండి.